అరకు సంతలో ఒక ప్రశ్న

పిల్లలూ! విశాఖపట్నంలో కిరండూల్ వెళ్ళే రైలు ఎక్కారంటే, అది సొరంగాలలో దూరుతూ, లోయలు దాటుతూ తూర్పు కనుమల మీదికి మెల్లగా పాకుతుంది. దారిలో ముందు బొర్రా గుహలు, తరువాత అరకు లోయ వస్తాయి. మీరు ఆ ప్రయాణం చేసినప్పుడు, కనబడిన ప్రాణినల్లా “నీది ఏ కుటుంబం?” అని అడుగుతూ నడవండి.

బొర్రా సున్నపురాతి గుహ. అక్కడ గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతుంటాయి. రెక్కలున్నాయి గనుక అవి పక్షులేనా? కావు. గబ్బిలం గుడ్లు పెట్టదు. పిల్లను కని పాలిస్తుంది. దాని ఒంటిమీద ఉన్నవి ఈకలు కావు, వెంట్రుకలు. అందుచేత అది కాకికన్న ఆవుకే దగ్గరి చుట్టం!

అరకు చేరి కాఫీ తోట చూడండి. ఆకులు కొమ్మకు ఎదురెదురుగా ఉంటాయి. రెండు ఆకుకాడల నడుమ చిన్న పొర ఉంటుంది. పువ్వు అడుగున సన్నని గొట్టం ఉంటుంది. ఈ గుర్తులన్నీ మీ పెరటిలోని నూరువరహాల మొక్కకూ ఉన్నాయి. ఆ రెండూ ఒకే కుటుంబం. కాఫీకి 1753లో ‘కాఫియా అరబికా’ అని శాస్త్రనామం పెట్టినవాడు స్వీడన్ దేశస్థుడు లిన్నేయస్. ఆయన ప్రాణులను రెండే రాజ్యాలుగా విభజించాడు: జంతువులు, మొక్కలు.

ఇక వానాకాలపు సంతకు వెళ్ళండి. కొండ ఊళ్ళ అవ్వలు పుట్టగొడుగులు కుప్పపోసి అమ్ముతారు. వాటిని చూస్తే నాకు ఒక సంగతి గుర్తు వస్తుంది. చాలా ఏళ్ళ కిందట ఒక కొండ బడిలో పాఠం చెబుతూ, పుట్టగొడుగు మొక్క అన్నాను. నేను చదివిన పుస్తకంలో అలాగే ఉండేది. ఒక బాలిక లేచి, “మాస్టారూ, మొక్కకు ఎండ కావాలన్నారు గదా! ఇది చీకట్లో, కుళ్ళిన దుంగమీద మొలుస్తుందే. దీనికి ఆకుపచ్చ రంగే లేదే?” అన్నది. “పుస్తకంలో ఉన్నది రాసుకో” అని గదిమాను. ఆ ఏడాది ఆ పిల్ల మళ్ళీ ప్రశ్న అడగలేదు.

తప్పు నాదే. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే, 1969లో, అమెరికా శాస్త్రజ్ఞుడు విటేకర్ ప్రాణులను ఐదు రాజ్యాలుగా విభజించి, శిలీంధ్రాలకు వేరే రాజ్యం ఇచ్చాడు. పుట్టగొడుగు తన ఆహారం తాను వండుకోదు. కుళ్ళిన పదార్థంమీద రసాలు వదిలి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. దాని కణాల గోడలలో రొయ్య పెంకులో ఉండే కైటిన్ ఉన్నది. వంశాన్ని బట్టి చూస్తే అది మొక్కలకన్న జంతువులకే దగ్గర!

ఐదుతోనూ కథ ముగియలేదు. బొర్రా గుహలో వెలుతురు చొరని చోట, నీటి ఊటల దగ్గర, నారింజ రంగు జిగురు పొరలున్నాయి. అవి కంటికి కానరాని సూక్ష్మజీవుల కాపురాలు. కణంలో కేంద్రకం లేని సూక్ష్మజీవులన్నీ ఒకే వర్గం అనుకునేవారు. 1977లో కార్ల్ వోస్ వాటిలో బాక్టీరియాకు భిన్నమైన మరో వర్గం ఉన్నదని చూపాడు. వాటిని ఆర్కియా అంటారు.

చూశారా, ఒక్కొక్క ప్రశ్నకు పాత గీతలు ఎలా చెరిగిపోయాయో! తెలియని పుట్టగొడుగును మాత్రం తినకండి. తెలిసిన అవ్వను అడగండి. మీ మాస్టారును మాత్రం ఎన్ని ప్రశ్నలైనా అడగండి. ఆయన గదిమినా సరే, మరునాడు మళ్ళీ అడగండి.