యాభై గజాల లెక్క

అమెరికా అనగానే నయాగరా, వైట్‌హౌస్, డిస్నీలాండ్ అంటారు మనవాళ్లు. అబ్బాయి దగ్గరికని వెళ్లిన నాకు మాత్రం పెన్సిల్వేనియాలో మంచు కప్పిన ఓ చిన్న అడవి గుర్తుండిపోయింది. ఓ చెకుముకి తుపాకీ, ఓ జింక, అరవై ఏళ్లనాటి మా తాత జ్ఞాపకం... మూడూ అక్కడ ఒక్కచోట కలిశాయి మరి!

మావాడు ఉండేది లాంకాస్టర్ జిల్లాలో. ఫిలడెల్ఫియాకి పడమటగా సుమారు 110 కిలోమీటర్లు. ఊరు దాటితే చాలు, మొక్కజొన్న కోసేసిన చేలు, ఎత్తయిన ధాన్యపు గాదెలు, రోడ్డు పక్కనే టకటకమంటూ గుర్రపు బగ్గీలు. అవి ఆమిష్ వాళ్లవి. కార్లు కొనరు, ఇంటికి కరెంటు లైను లాగించుకోరు. గుర్రం బండిని చూడటానికి అమెరికా రావాల్సొచ్చిందా అని నవ్వుకున్నాను.

కిందటి శీతాకాలం అందరం కలిసి పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాం. 1976లో ప్రతిష్ఠ జరిగిన కోవెల. నాలుగు గంటల ప్రయాణం. దర్శనం బాగా జరిగింది. తిరుగు ప్రయాణంలో చీకటిపడ్డాక... ఎక్కణ్నుంచి వచ్చిందో ఓ జింక, కారుకు అడ్డంగా దూకింది. పెద్ద చప్పుడు. మనవరాలు కెవ్వుమంది. మాకెవరికీ ఏమీ కాలేదు కానీ కారు ముందుభాగం నుజ్జయింది. జింక రోడ్డు పక్కన కాళ్లు కొట్టుకుంటూ పడి ఉంది. మావాడు ఫోన్ చేసి పోలీసులు వచ్చేదాకా అది అలాగే ఉంది. ఆ పావుగంటా నేను అటువైపు చూడలేకపోయాను.

మర్నాడు పొరుగింటి పెద్దాయన కారు చూడటానికి వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి, వడ్రంగం చేసి రిటైరయ్యాడు. ‘‘ఇక్కడ ఇది మామూలే’’ అన్నాడు. వాహనాలకు జింకలు అడ్డుపడే ప్రమాదాలు బాగా ఎక్కువున్న రాష్ట్రాల్లో పెన్సిల్వేనియా ఒకటట.

విచిత్రమేమిటంటే, ఒకప్పుడు ఇక్కడ జింకే కరవు. అడవులు నరికి, అడ్డూఅదుపూ లేకుండా వేటాడి పంతొమ్మిదో శతాబ్దం చివరికి దాదాపు తుడిచిపెట్టేశారు. అప్పుడు కళ్లు తెరిచి 1895లో వన్యప్రాణుల కోసం ఓ కమిషన్ పెట్టారు. 1906లో మిషిగన్ నుంచి జింకల్ని తెచ్చి మరీ వదిలారు. తోడేళ్లూ కొండసింహాలూ అప్పటికే మాయమయ్యాయి. ఇక అడ్డేముంది? మంద పెరిగిపోయింది. చేలే కాదు, అడవిలో మొలిచే చిన్న మొక్కల్నీ మేసేస్తుంటే కొత్త చెట్లే రావడం కష్టమైంది. అందుకే లైసెన్సులిచ్చి, ఏ జింకను ఎప్పుడు కొట్టాలో లెక్కకట్టి, వేటకు సీజన్లు పెట్టారు.

‘‘క్రిస్మస్ మర్నాడు మా ముసలాళ్ల సీజన్ మొదలవుతుంది. వస్తారా?’’ అన్నాడు పెద్దాయన. ఏం చెప్పాలో తోచలేదు. మనదగ్గర 1972 చట్టం వచ్చాక జింకను కొడితే జైలే. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కి, చుక్కల జింక తెలంగాణకి రాష్ట్ర జంతువులు కూడానూ. నేను తటపటాయిస్తుంటే ‘‘ముందు తుపాకీ చూడండి, తర్వాత చెబుదురుగాని’’ అంటూ ఇంట్లోకి తీసుకెళ్లాడు.

చెకుముకి రాయే అగ్గిపుల్ల!

గోడమీంచి దించిన తుపాకీని చూడగానే గుండె ఝల్లుమంది. గొట్టం ముందునుంచి మందు కూరే తుపాకీ! మా తాత దగ్గరా అలాంటిది ఉండేది. కాకపోతే ఇది అందగత్తె. దాదాపు నా భుజం ఎత్తు. సన్నటి పొడవాటి గొట్టం, చారలు తేలిన మేపుల్ కర్ర, ఇత్తడి నగిషీ. ఇలాంటివాటికి ఈ లాంకాస్టరే పుట్టిల్లని గర్వంగా చెప్పాడు.

1700ల్లో జర్మనీ ప్రాంతాల నుంచి వలసవచ్చిన కమ్మరులు తమవెంట పొట్టి గొట్టం, పెద్ద గుండు ఉండే వేట తుపాకుల పనితనం తెచ్చుకున్నారు. ఇక్కడి అడవుల్లో సీసం, మందు దొరకడం కష్టం. అందుకని గొట్టం పొడవు పెంచి, గుండు సైజు తగ్గించారు. అదే పెన్సిల్వేనియా లాంగ్ రైఫిల్. తర్వాత కెంటకీ రైఫిల్‌గా పేరుకెక్కింది. ఊరిపక్కనే ఉన్న లాండిస్ వ్యాలీ మ్యూజియంలో పాత రైఫిళ్లు చూశాను. ఒక్కోటీ ఒక్కో నగలా ఉంది.

పనిచేసే తీరు మాత్రం బహు తేలిక. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన మందు ఓ ఐదు గ్రాములు గొట్టంలో పోస్తారు. కొవ్వు రాసిన గుడ్డముక్కలో సీసపు గుండును చుట్టి, కడ్డీతో అడుగుదాకా దట్టిస్తారు. పక్కనున్న చిన్న దోనెలో చిటికెడు సన్నమందు. మీట నొక్కగానే చెకుముకి రాయి ఉక్కు పలకను గీరుతుంది. నిప్పురవ్వలు దోనెలో పడి భగ్గుమంటాయి. ఆ మంట సన్నటి రంధ్రంలోంచి లోపలికి పాకి అసలు మందును అంటుకుంటుంది. ఒక్కోసారి దోనె మండుతుంది, తుపాకీ పేలదు. ఇంగ్లిషువాళ్ల ‘ఫ్లాష్ ఇన్ ద పాన్’ అన్నమాట అలా పుట్టిందే.

మా తాత తుపాకీ గొట్టం లోపల నున్నగా ఉండేది. దీన్లో మెలితిరిగిన గాడులున్నాయి. వాటివల్ల గుండు బొంగరంలా తిరుగుతూ సూటిగా పోతుంది. నాటు తుపాకీకీ రైఫిల్‌కీ అదే తేడా.

ఈ చెకుముకి తుపాకులకోసమే పెన్సిల్వేనియాలో 1974లో ప్రత్యేకంగా ఓ సీజన్ పెట్టారు. దుర్భిణి బిగించడాలు లేవు. ఒక్క గుండు. అది పోతే మళ్లీ కూరడానికి చేయి తిరిగినవాళ్లకైనా దగ్గరదగ్గర నిమిషం!

కాగితం పళ్లెం పరీక్ష

‘‘ఇది ఎంతదూరం కొడుతుంది?’’ అనడిగాను. మనకు ఏ తుపాకీ చూసినా పుట్టే ప్రశ్నే కదా.

పెద్దాయన నవ్వాడు. ‘‘తుపాకీనా... నేనా?’’

విషయం ఏమిటంటే, జింకలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు. మన టిఫిన్ ప్లేటంత. గుండు అక్కడ తగిలితే క్షణాల్లో ప్రాణం పోతుంది. పక్కకు తగిలితే రోజుల తరబడి నరకం. అందుకే ఏటా వేటకు ముందు ఈయన చెట్టుకు కాగితం పళ్లెం తగిలించి, అడవిలో ఎలా కూర్చుంటాడో అలాగే కూర్చుని, అవే చేతి తొడుగులతో ఐదుసార్లు కాలుస్తాడు. ఐదుకు ఐదూ పళ్లెంలో పడే దూరమే ఆ ఏటికి ఆయన హద్దు.

‘‘కుర్రతనంలో 75 గజాలు. ఇప్పుడు చూపు తగ్గింది. 50 గజాలే’’ అన్నాడు.

తుపాకీకీ ఓ హద్దుంది. గుండ్రటి సీసం గాలిని చీల్చుకుని పోలేదు. అరంగుళం గుండు గొట్టం వదిలేటప్పుడు సెకనుకు 1,800 అడుగుల వేగంతో వెళ్తే, 100 గజాలు చేరేసరికి 1,100 దగ్గరికి పడిపోతుంది. దెబ్బలో ఉండే బలం మూడోవంతుకు దిగిపోతుంది. పక్కనుంచి గంటకు 16 కిలోమీటర్ల గాలి... అంటే ఆకులు కదిలేంత గాలి వీస్తే 50 గజాల దగ్గర గుండు రెండంగుళాలు జరుగుతుంది. 100 గజాల దగ్గరైతే జానెడు! పళ్లెం మధ్యకు గురిపెడితే పళ్లెమే తప్పిపోతుందన్నమాట. పైగా మీట నొక్కాక పేలడానికి రెప్పపాటు ఆలస్యం. ఆ రెప్పపాటులో చేయి కదిలినా, జింక కదిలినా అంతే.

‘‘చేయి తిరిగినవాడు బల్లమీద ఆనించి నూరు గజాల్లో పళ్లాన్ని కొట్టగలడు. పళ్లెం కదలదు, భయపడదు, గాయపడదు’’ అన్నాడు. ఆ మాటతో నేను వస్తానన్నాను.

మంచులో మూడు గుర్తులు

తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. జిల్లాకు ఉత్తరాన ఫర్నెస్ హిల్స్ అనే గుట్టల వరస. అక్కడ ఆయన మిత్రుడి పొలం వెనక అడవి. చలి మైనస్ ఎనిమిది. నాకు నారింజరంగు కోటు తొడిగి, ఓ ఓక్ చెట్టు మొదట్లో కూర్చోబెట్టాడు. వేలుపెట్టి మూడు గుర్తులు చూపించాడు. బూడిదరంగు బీచ్ చెట్టు 30 గజాలు. పడిపోయిన దుంగ 50. వాగు 75. తుపాకీ దోనెకు మంచు తగలకుండా తోలుముక్క కప్పాడు.

రెండు గంటలు. కాళ్లు ఉన్నాయో లేవో తెలియదు. అప్పుడు వాగు ఒడ్డున మూడు జింకలు వచ్చాయి. అడ్డంగా, నిశ్చలంగా నిలబడ్డాయి. ఇంతకన్నా ఏం కావాలి అనిపించింది నాకే! పెద్దాయన తుపాకీ ఎత్తలేదు. అవి నీళ్లు తాగి, తెల్లతోకలు ఊపుకుంటూ వెళ్లిపోయాయి.

‘‘కొట్టగలిగేవారు కదా?’’ గుసగుసగా అడిగాను.

‘‘ఐదింట నాలుగుసార్లు కొడతాను.’’

‘‘మరి?’’

‘‘ఇది ఐదోసారి కాదని ఆ జింకకు చెప్పగలనా?’’

మరో గంటకు ఓ ఆడజింక ఒంటరిగా వచ్చింది. దుంగ దాటింది. బీచ్ చెట్టుకు కొంచెం ఇవతల ఆగింది. పెద్దాయన మోకాలిమీద మోచెయ్యి ఆనించాడు. చిటుక్కుమని రాయి గీరిన చప్పుడు, భగ్గున మంట, ఢాం! తెల్లటి పొగ కమ్మేసింది. గంధకం వాసన. పొగ తేలిపోయేసరికి జింక లేదు.

అరగంట

ఆయన పరిగెత్తలేదు. ముందు తుపాకీ మళ్లీ కూరాడు. జేబులోంచి గడియారం తీశాడు. ‘‘అరగంట ఆగాలి. తొందరపడి వెంటబడితే గాయపడిన జింక బెదిరి, ఓపిక ఉన్నంత దూరం పోతుంది’’ అన్నాడు.

ఆ అరగంటలో మా తాత కథ చెప్పాను. నల్లమల అంచున మా ఊరు. జొన్నచేనుకు పందులు, దుప్పులు పడేవి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. వెన్నెల రాత్రి మంచెమీద తాత పక్కన నేను. చేను అవతలి గట్టున దుప్పి నీడ. తాత పేల్చాడు. తెల్లారి చూస్తే గట్టుమీద నెత్తురు. మేం రెండురోజులు వెతికాం. మూడోరోజు వాగులో దొరికింది. వెనకకాలు విరిగి, కుళ్లి, ఇంకా ఊపిరితో... దాని కన్ను నన్నే చూసింది. తాత ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత తుపాకీని దూలానికి కట్టేశాడు. పందుల్ని బెదిరించడానికి డప్పే కొట్టేవాడు. పోయేదాకా దాని ఊసెత్తలేదు.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగాడు. ‘‘ఎంత దూరం?’’

అరవై ఏళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న. కళ్లు మూసుకుని చేను కొలిచాను. మంచె నుంచి గట్టుకి... నూరు గజాలు తక్కువుండదు. నున్నటి గొట్టం, నాటు మందు, వెన్నెల వెలుతురు.

‘‘ఆ తుపాకీతో అయితే అందులో సగం కూడా ఎక్కువే. మీ తాత చెడ్డవాడు కాదండీ. దూరం చెప్పేవాళ్లు లేరు, అంతే’’ అన్నాడు.

అరగంటయింది. మంచుమీద ఎర్రటి చుక్కలు పట్టుకుని వెళ్లాం. నా గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది. అరవై అడుగులు కూడా వెయ్యలేదు... పొదపక్కన పడి ఉంది. ఎప్పుడో ప్రాణం పోయింది. గుండు సరిగ్గా భుజం వెనకే తగిలింది. పెద్దాయన టోపీ తీసి ఓ నిమిషం నిలబడ్డాడు. తర్వాత లైసెన్సు చీటీ రాసి జింక చెవికి కట్టాడు. మాంసం సగం ఇంటికి, సగం పేదల వంటశాలకు. వేటగాళ్లిచ్చే మాంసాన్ని అన్నార్తులకు చేర్చే ‘హంటర్స్ షేరింగ్ ది హార్వెస్ట్’ అనే పథకం అక్కడ 1991 నుంచీ ఉంది.

నాకు సంతోషం కలగలేదు. కానీ గుడి నుంచి వస్తూ రోడ్డు పక్కన చూసిన జింక, వాగులో చూసిన దుప్పి... ఆ రెండింటి చావూ దీని చావూ ఒకటి కాదని మాత్రం తెలిసింది.

తిరిగొచ్చేముందు పెద్దాయన నాకో కానుకిచ్చాడు. ఐదు చిల్లులున్న కాగితం పళ్లెం. అంచున ‘50 గజాలు’ అని రాసి ఉంది. మా ఇంట్లో తాత ఫొటో పక్కన పెట్టాను. చూసినవాళ్లు ఇదేమిటని అడుగుతుంటారు.

ఎలా వెళ్లాలి?

ఫిలడెల్ఫియా నుంచి లాంకాస్టర్‌కి నేరుగా ఆమ్‌ట్రాక్ రైలుంది. లాండిస్ వ్యాలీ మ్యూజియం ఊరికి ఉత్తరం అంచున ఉంటుంది. శీతాకాలంలో వెళితే దట్టమైన ఉన్నిబట్టలు తప్పనిసరి. చీకటిపడ్డాక కారు నడిపితే... రోడ్డు పక్క మెరిసే కళ్లను గమనించండి. ఒక జింక దాటిందంటే వెనక ఇంకోటి ఉంటుంది!