దెయ్యం చేసిందంటే కేసు మూసేసినట్టేనా?

మా హాస్టల్లో 'దూత' మీద జరిగినంత చర్చ ఎండ్ సెమ్ క్వశ్చన్ పేపర్ మీద కూడా జరగలేదు. 2023 డిసెంబరు 1న ప్రైమ్ వీడియోలో ఎనిమిది ఎపిసోడ్లూ ఒకేసారి వదిలారు. రెండో రోజుకే మా కారిడార్ రెండు పార్టీలైపోయింది.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సాగర్ అనే జర్నలిస్టు (నాగచైతన్య) ధాబా దగ్గర కారాపుతాడు. అక్కడ ఓ పేపరు ముక్క దొరుకుతుంది. కాసేపట్లో తనకి జరగబోయే ప్రమాదం అందులో అచ్చయి ఉంటుంది, అలాగే జరుగుతుంది. అక్కణ్ణించి పేపరు ముక్క కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు పోతారు. క్రాంతి అనే డీసీపీ (పార్వతి తిరువోతు) కేసు పట్టుకుంటుంది. ఎనిమిది ఎపిసోడ్లూ వాన కురుస్తూనే ఉంటుంది.

మొదటి పార్టీ వాదన: డిటెక్టివ్ కథ అన్నాక చివర్లో మనిషి దొరకాలి. ఇన్ని ఎపిసోడ్లు క్లూలిచ్చి, ఆఖర్న ఇది మానవాతీతం అంటే సిలబస్‌లో లేని ప్రశ్న ఇచ్చినట్టే. రెండో పార్టీ: ఒరేయ్, మొదటి సీన్‌లోనే రేపటి వార్త ఇవాళ అచ్చయింది, దానికి నువ్వు ఎలాంటి లాజిక్ ఎదురుచూశావు?

నేను మొదటి పార్టీ. పార్టీ అంటే పార్టీయే, మెస్‌లో కూడా వేరే బల్ల. మా పక్షాన సాక్ష్యాలు కూడా పోగేశాను. 1929లో రొనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకి పది ఆజ్ఞలు రాశాడు. రెండోది: దెయ్యాలూ మహిమలూ పనికిరావు. ఆ నియమం పెట్టినాయన వృత్తిరీత్యా కేథలిక్ ఫాదరీ, అదీ తమాషా. కానన్ డాయిల్ కూడా అంతే. బయట ఆత్మలతో మాట్లాడొచ్చని నమ్మాడు, పిల్లలు తీసిన దేవకన్యల ఫొటోలు నిజమేనని వాదించాడు. కానీ హోమ్స్ దగ్గరికొచ్చేసరికి, బాస్కర్‌విల్ కుక్క నోట్లో మంటలకి కారణం ఫాస్ఫరస్ అనే తేల్చాడు. ఇంట్లో ఏం నమ్మినా డ్యూటీలో మాత్రం లెక్క తప్పలేదు.

అంతలో మిగ్‌జాం తుపాను వచ్చింది. క్లాసులు లేవన్నారు. నేను బ్యాగు సర్దుకుని మల్కాపురం వచ్చేశాను.

మా ఊరి గురించి ఒక్క మాట చెప్పాలి. మా జంక్షన్ పేరు సింధియా. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు కట్టడానికి ఇక్కడ యార్డు పెట్టింది. 1952లో అది హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. కంపెనీ ఇక్కణ్ణించి పోయి దశాబ్దాలు దాటినా ఆటోవాళ్ళు ఇంకా "సింధియా, సింధియా" అనే అరుస్తారు. మా దగ్గర రాత్రి పూర్తి చీకటి ఉండదు. రిఫైనరీ మంట ఆకాశాన్ని ఎర్రగా ఉంచుతుంది. చిన్నప్పుడు దెయ్యాల కథలు చెప్పుకుందామంటే కూడా వెలుతురు అడ్డొచ్చేది.

ఇంట్లో వానకి ఎవరికీ పని లేదు. నేను ఫోను టీవీకి కలిపి 'దూత' మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. నాన్న, అమ్మ, చెల్లి, మామ్మ. తెర మీద వాన, కిటికీ బయట వాన. మామ్మకి ఏది ఎక్కడ కురుస్తోందో తెలీక రెండుసార్లు లేచి ఆరేసిన బట్టలు చూసొచ్చింది.

"ఏటిరా, పేపర్ల రాసినట్టే అయిపోతంది? ఎవుడు రాత్తన్నాడు?"

"అదే మామ్మా, అదే కనిపెట్టాలి."

"కనిపెట్టీదేటి? సచ్చినోడే రాత్తన్నాడు. సచ్చినోడు సెప్పకపోతే బతికున్నోడు సెప్తాడేటి?"

మొదటి ఎపిసోడ్ సగంలోనే మా మామ్మ తేల్చేసింది. నాకు నవ్వొచ్చింది. ఇదీ రెండో పార్టీ అనుకున్నాను.

ఇలాంటి జోస్యాలు మా వీధిలో బోలెడు. 1997 సెప్టెంబరు 14, ఆదివారం తెల్లవారుజామున రిఫైనరీలో పేలుళ్ళు జరిగాయి. యాభై మందికి పైగా చనిపోయారు. మా వీధి వీధంతా కట్టుబట్టలతో గాజువాక వైపు పరిగెత్తింది. నేను పుట్టకముందు సంగతి. కానీ ఆ రోజు గురించి అడిగితే ప్రతి ఇంట్లో ఒక ముందస్తు సూచన దొరుకుతుంది. ఒకరికి కలలో ఎర్ర చీర కట్టుకున్న ఆవిడ కనిపించింది. ఒకరింట్లో దీపం మూడుసార్లు కొండెక్కింది. మామ్మ లెక్క ప్రకారం ముందు రాత్రి కుక్క ఏడ్చింది. అమ్మ ఒప్పుకోదు. "కుక్క రోజూ ఏడుస్తుందత్తయ్యా. ఆ రోజుదే మీకు గుర్తుండిపోయింది" అంటుంది. డిగ్రీ రెండో ఏడుతో చదువు ఆపేసిన మా అమ్మ చెప్పిన ఈ మాటని నేను మా స్టాటిస్టిక్స్ క్లాసు కన్నా ఎక్కువ నమ్ముతాను.

అలా కబుర్లలో ఉండగా మామ్మ ఉన్నట్టుండి అంది: "ఆడుంటే ఈపాటికి కత మొత్తం సెప్పీసును. అన్వేషితంటే ఆడికి పేణం."

ఆడు అంటే బాబాయి. ఆ మాటకి గదిలో అందరూ ఒక్కసారి టీవీ వైపు తిరిగారు, అక్కడేదో ముఖ్యమైన సీన్ నడుస్తున్నట్టు.

ఈటీవీ 1995 ఆగస్టులో మొదలైంది. 'అన్వేషిత' ఆ దశాబ్దం చివర్లో వచ్చింది. యమున, అచ్యుత్ నటించారు. అతీంద్రియ శక్తులు, పరిశోధన, రెండూ కలిసిన సీరియల్. అప్పట్లో మా ఇంట్లో టీవీ లేదు. బాబాయి రెండిళ్ళవతల కలర్ టీవీ ఉన్నవాళ్ళ గుమ్మంలో నిలబడి చూసి, ఇంటికొచ్చి భోజనాల దగ్గర ఆ భాగం మొత్తం ఆడి చూపించేవాడట. వచ్చే వారం ఏమవుతుందో కూడా చెప్పేవాడట, చాలాసార్లు తప్పేదట. అప్పటివాళ్ళకి ఈ రుచి కొత్త కాదు లెండి. 'తులసిదళం' చదివి రాత్రిళ్ళు లైటు తియ్యని తరం అది. దాని మీద రంగనాయకమ్మ గారు ''తులసిదళం' కాదు, గంజాయి దమ్ము' అని ఏకంగా పుస్తకమే రాశారు. మా హాస్టల్ కారిడార్ గొడవ అంతకుముందే అచ్చులో జరిగిపోయిందన్నమాట.

బాబాయి 2001లో చనిపోయాడు. ఇరవై రెండేళ్ళు. ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు లేబరు. ట్యాంకు శుభ్రం చేసే పని. ఇంట్లో నాకు చెప్పింది ఇంతే.

ఐదో ఎపిసోడ్ అనుకుంటాను, కథ అసలు మలుపు తిరిగింది. చస్తున్నవాళ్ళంతా వార్తల్ని అమ్ముకున్నవాళ్ళో తొక్కిపెట్టినవాళ్ళో. పరిశోధిస్తున్న సాగర్ కూడా చేతులు కడుక్కున్నవాడేం కాదు. డబ్బు తీసుకుని నిజాన్ని పక్కన పెట్టినవాడే. అది తెలిసే సీన్ దగ్గర నాన్న లేచి చెప్పులేసుకున్నాడు.

"ఈ వానలో ఎక్కడికి?" అంది అమ్మ.

"పాలు."

పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఎవరూ ఆ మాట అనలేదు.

ఆ రాత్రి వంటింట్లో అమ్మ చెప్పింది. బాబాయి పోయిన పదో రోజు నాన్న ఒక కాయితం మీద సంతకం పెట్టాడు. జరిగినదానికి కార్మికుడి అజాగ్రత్తే కారణమని, పరిహారం అందిందని, ఇక ఏ ఫిర్యాదూ లేదని. అప్పటికి పెళ్ళి కావలసిన అత్తలిద్దరు. ఆ డబ్బుతో పెద్దత్త పెళ్ళి అయింది. మామ్మకి చదువు రాదు. అందులో ఏముందో ఆవిడకి ఎవరూ చదివి వినిపించలేదు.

నేను కెమికల్ మూడో ఏడు. ఆ సెమిస్టర్‌లోనే మాకు ప్రాసెస్ సేఫ్టీ పేపరుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కన్నా తగ్గితే మనిషి దిగకూడదు. నైట్రోజన్ నిండిన ట్యాంకులో వాసన రాదు, మంట రాదు, ఊపిరాడటంలేదని తెలిసే లోపే మనిషి పడిపోతాడు. పడిపోయినవాణ్ణి చూసి రెండోవాడు దిగుతాడు. ఇలాంటి చోట్ల చనిపోయినవాళ్ళలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్ళేనని అమెరికాలో నియోష్ అనే సంస్థ 1986లోనే హెచ్చరించింది. ఇవన్నీ నేను పదమూడు మార్కుల జవాబుగా బట్టీ పట్టినవి. బాబాయి రెండోవాడని ఆ రాత్రే తెలిసింది.

మర్నాడు ట్రంకుపెట్టెలో పాలిథిన్ కవర్లోంచి ఆ కాయితం జిరాక్సు తీశాను. అసలు విషయం ఒకటిన్నర లైను. 'అనుమతి లేకుండా తొట్టిలోకి దిగినందున.' అంతే. గాలి పరీక్ష చేశారా, బయట కాపలా ఎవరున్నారు, మొదటివాణ్ణి దిగమన్నదెవరు, ఏమీ లేదు.

అది చదువుతుంటే నా పార్టీ నా చేతుల్లోనే ఇబ్బందిగా తోచింది. దెయ్యం చేసిందని ముగించడం మోసమని హాస్టల్లో అరిచినవాణ్ణి. మరి ఇక్కడ? ఇక్కడ దెయ్యం లేదు, అంతా మనుషుల లెక్కే. స్టాంపుంది, తేదీ ఉంది. కానీ 'అజాగ్రత్త' అనే మాట దగ్గర ప్రశ్న ఠక్కున ఆగిపోయింది. సీరియల్లో దెయ్యం చేసే పనే రిపోర్టులో ఆ మాట చేస్తోంది. ఇంకా ఘోరం, ఎందుకంటే దెయ్యం కనీసం ఎవరినో వెతుక్కుంటూ వస్తుంది. 'దూత' తీసిన విక్రమ్ కుమారే 2009లో '13బి' తీశాడు. అందులో ఇంటి టీవీలో రోజూ వచ్చే సీరియల్ ద్వారా చచ్చిపోయినవాళ్ళు తమ సంగతి చెప్పుకుంటారు. ఆ పాత హత్యల్లో నింద తప్పు మనిషి మీద పడి ఉంటుంది. అక్కడ టీవీ, ఇక్కడ పేపరు. రెండు చోట్లా కేసు తప్పుగా మూసిన దగ్గరే దెయ్యం మొదలవుతుంది. మామ్మ సగం ఎపిసోడ్‌కే చెప్పింది, నాకే అర్థం కావడానికి పట్టింది. అలాగని నేను పార్టీ మారలేదు. 'దూత' ముగింపు నాకిప్పటికీ సాగదీతే, పాత్రలు కూడా ఎక్కువే. నాక్స్ రెండో ఆజ్ఞ పక్కన ఇంకోటి రాసుకున్నాను: చనిపోయినవాడి మీదికి నెట్టెయ్యడం కూడా పనికిరాదు.

డిసెంబరు 5 మధ్యాహ్నం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా దగ్గర వాన సాయంత్రానికి పలచబడింది. చివరి రెండు ఎపిసోడ్లు మిగిలున్నాయి. నేను పెట్టలేదు. నాన్నే అడిగాడు.

"ఆఖర్న ఏటైందిరా?"

"చూద్దాం రా నాన్నా."

వచ్చి కూర్చున్నాడు. సగంలో నేను ఆపాను. ప్లాన్ చేసి కాదు. కాయితం నా నోట్‌బుక్‌లో ఉంది, అది తీసి టీపాయ్ మీద పెట్టాను. మాకు క్లాసులో నేర్పిన పద్ధతి చెప్పాను. టయోటా ఫ్యాక్టరీల్లో వాడేది, చాలా సాదాది. ఏదైనా చెడితే ఎందుకు అని అడగాలి. జవాబొస్తే దానికీ ఎందుకు అని అడగాలి. ఐదుసార్లు అడిగేలోపు మనిషి పేరు దగ్గర ఆగకూడదు.

నాన్న చాలాసేపు కాయితం వైపే చూశాడు. తరవాత మామ్మ వైపు చూశాడు. "నేను సంతకం పెట్టానమ్మా" అన్నాడు.

"తెల్సు" అంది మామ్మ. "డబ్బులు ఊరికే ఇత్తారేటి?"

ఇరవై రెండేళ్ళు ఆ ఇంట్లో ఇద్దరూ ఒకరి నుంచి ఒకరు దాచిన సంగతి అది.

పెన్సిల్ తీశాను. బాబాయి ఎందుకు దిగాడు? ముందు దిగినవాడు పడిపోయాడు కాబట్టి. వాడెందుకు పడిపోయాడు? లోపల గాలి లేదు, ఎవరూ చూడలేదు. ఎందుకు చూడలేదు? నాన్న ఆగి ఆగి చెప్పాడు. ఆ రోజు మీటరు ఉన్నతను రాలేదు, రేపటికి పని అయిపోవాలన్నారు, బాబాయితో పనిచేసినవాళ్ళు శ్మశానం దగ్గర చెప్పారు. చెప్పి, నాన్న గొంతు పట్టేసి ఊరుకున్నాడు. నేనూ ఇంక చాలనుకుని పెన్సిల్ మడిచిపెట్టబోయాను.

మామ్మ టీవీ వైపు చూడటం లేదు. కాయితం మీద తనకి రాని అక్షరాల వైపే చూస్తోంది.

"రేపటికి అయిపోవాలన్నారా?" అంది. "ఏటి, ఎందుకంట?"