కోసిన తరువాత



మొన్న ఏప్రిల్‌లో మా అక్కను చూడడానికి నాశిక్ వెళ్లాను. ద్రాక్షతోట చూపిస్తానని బావగారు దిండోరి వైపు తీసుకెళ్లారు. తీరా చూస్తే అది తోటతో పాటు వైన్ తయారుచేసే చోటు. ఒకే కుటుంబం నడుపుతోంది. తండ్రి తోట చూస్తారు, కొడుకు స్టీలు ట్యాంకులు చూసుకుంటాడు. గేటు దగ్గరే నా కాళ్లు ఆగిపోయాయి. తాగుడు మన ఊళ్లో ఎన్ని ఇళ్లు కూల్చిందో మీకు తెలుసు. ప్రభువు బల్లకు కూడా మనం ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన రసమే వాడతాం. గ్లాసు ఇవ్వబోతే చేతులు జోడించి వద్దన్నాను. పెద్దాయన ఏమీ అనుకోకుండా మజ్జిగ తెప్పించి, తోటలోకి తీసుకెళ్లారు.

తోటలో ఒక్క ఆకు లేదు. వరుసగా మోడులే. తెగులు తగిలిందా అని అడిగాను. "మేమే కోశాం" అన్నారాయన. చలి దేశాల్లో ద్రాక్ష శీతాకాలమంతా నిద్రపోతుంది, ఏడాదికి ఒక కత్తిరింపు చాలు. ఇక్కడ అలా నిద్రపోదు గనుక రెండుసార్లు కత్తిరిస్తారు. కాపు అయ్యాక ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరోసారి. ఏప్రిల్‌లో ఒకటి రెండు కన్నులు ఉంచి తక్కినదంతా తీసేస్తారు. ఆ కన్నుల నుండి కొత్త కొమ్మలు వస్తాయి. బయటికి ఆకులే కనబడుతున్న రోజుల్లోనే, ఆ కొమ్మల మొగ్గల లోపల రాబోయే గుత్తి రూపు కడుతుంది. పండు చేతికొచ్చేది మాత్రం జనవరి, మార్చి మధ్యనే.

"కోయడం ఎవరైనా కోస్తారు. కోసిన తరువాత రోజూ రావాలి. నీళ్లు పెట్టాలి, చిగురు చూడాలి, కొమ్మను కట్టాలి. రాకపోతే మనం కోసినట్టు కాదు, చంపినట్టు" అన్నారు పెద్దాయన. ఆయన హిందీలో చెప్పింది బావగారు తెలుగులో చెప్పారు.

ప్రియులారా, యోహాను సువార్త 15వ అధ్యాయం మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. కానీ ఆ మాట వినగానే నాకు మన సంఘంలోని ఒక సహోదరుడు గుర్తొచ్చాడు. తాగి ఆరాధనకు వచ్చాడని రెండేళ్ల క్రితం అతన్ని ప్రభువు బల్ల నుండి నిలిపివేశాను. క్రమశిక్షణ తప్పని ఇప్పుడూ అనను. అయితే ఆ రోజు తరువాత అతని గడప నేను తొక్కలేదు. కోశాను, మళ్లీ వెళ్లలేదు.

ఊరికి తిరిగొచ్చిన శనివారం అతని ఇంటికి వెళ్లాను. అతని భార్య కుర్చీ వేసి, "అయ్యగారూ, మా ఇంటి దారి మరచిపోయారనుకున్నాం" అంది. నా దగ్గర జవాబు లేదు. క్షమించమ్మా అన్నాను. అతడు చీకటి పడ్డాక వచ్చాడు. తాగుడు ఇంకా మానలేదు. ప్రసంగం చేయలేదు, పక్కన కూర్చున్నాను. లేచేటప్పుడు వచ్చే శనివారం వస్తానన్నాను. అలాగే వెళ్తున్నాను. అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను.

చిగురు ఇంకా కనబడలేదు. మొగ్గ లోపల ఏముందో తోట యజమానికి తెలుసు. మీరు కూడా మాటలు మానేసిన ఒక అన్నో, కోడలో, పొరుగువారో ఉంటే ఈ వారం ఆ ఇంటికి వెళ్లండి. నాకోసం ప్రార్థించండి. ఆమెన్.