దుగరాజపట్నం నుండి నేలపట్టు వరకు



క్రిస్మస్ సెలవులలో మేము సండేస్కూలు పిల్లలను వెంటబెట్టుకొని, పులిహోర మూటలు కట్టుకొని, పాత నెల్లూరు జిల్లా తీరము చూడ బయలుదేరాము.

మొదట దుగరాజపట్నం. 1626లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు ఇక్కడ వర్తక స్థావరము పెట్టి, దానిని ఆర్మగాన్ అని పిలిచారు. తమకు సాయపడిన ఆరుముగం ముదలియార్ పేరే అలా మారిందని చెబుతారు. కోట కట్టి 12 ఫిరంగులు నిలిపారు. కాని కోరిన బట్టల సరుకు చాలినంత దొరకలేదు. 1639లో మద్రాసులో స్థలము సంపాదించి, తరలిపోయారు. ఆ ఒడ్డున మా పిల్లలు అలలలో తడిసి, గవ్వలు ఏరుకొన్నారు.

దక్షిణాన పులికాట్ సరస్సు. మోకాలి లోతు ఉప్పునీటిలో ఫ్లెమింగోలు తలలు వంచి మేస్తున్నాయి.

చివరికి నేలపట్టు. ఇది 1976లో పక్షుల సంరక్షణ కేంద్రమైనది. అక్టోబరు నుండి మార్చి వరకు చెరువులోని కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కడతాయి. అవి ఎగిరితే చూడాలని మాలో ఒక బాలుడు చప్పట్లు కొట్టబోయాడు. ఆ ఊరి పెద్దాయన చెయ్యి పట్టుకొని, “వద్దు నాయనా! తల్లి బెదిరి లేస్తే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి” అన్నాడు. పక్షుల రెట్ట కలిసిన ఆ నీరే తమ పైరుకు ఎరువని చెప్పాడు. బాలుడు సిగ్గుతో చేతులు దించుకొన్నాడు.

ఫిరంగులు పెట్టుకొన్నవారు 14 ఏండ్లయినా నిలువలేదు. పల్లెవారు ఓపికతో కాచిన గూళ్లకు పక్షులు ఏటేటా తిరిగి వస్తున్నాయి. మీరును పిల్లలతో వెళ్లండి, మెల్లగా నడవండి.