రెజ్యూమెలో 14 నెలలు

జర్మన్‌లో రెజ్యూమెని లేబెన్స్‌లౌఫ్ అంటారు. లేబెన్ అంటే బతుకు, లౌఫ్ అంటే పరుగో నడకో. అంత పెద్ద పేరు పెట్టుకున్న రెండు పేజీల్లో నా 14 నెలల ప్రయాణానికున్న పేరు మాత్రం ల్యూకె, అంటే ఖాళీ. ఏ ఇంటర్వ్యూ అయినా కాసేపట్లో అక్కడికే వచ్చి ఆగుతుంది.

అపాయింట్‌మెంట్ లెటర్లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అని ఉన్నా, హైదరాబాద్‌లో 8 ఏళ్ళు నేను చేసింది ఐటీ సపోర్టే. టికెట్లు, ఎస్కలేషన్లు, నైట్ షిఫ్టులు. తర్వాత రాజీనామా చేసి వియత్నాం, కజకిస్తాన్, జార్జియా, ఆర్మేనియా తిరిగాను. ఇప్పుడు ఛాన్సెన్‌కార్టె మీద బెర్లిన్‌లో ఉన్నాను. 2024 జూన్‌లో మొదలైన ఈ కార్డుతో చేతిలో ఉద్యోగం లేకుండానే వచ్చి ఏడాదిపాటు వెతుక్కోవచ్చు, ఈలోగా వారానికి 20 గంటలు పార్ట్‌టైమ్ చేసుకోవచ్చు. చదువు, అనుభవం, భాష, వయసు లాంటివన్నీ కలిపి 6 పాయింట్లు రావాలి. ఇంతకుముందు జర్మనీలో ఆరు నెలలు ఉండి ఉంటే ఒక పాయింటు ఇస్తారు గానీ, టూరిస్టుగా ఉన్నది లెక్కలోకి రాదు.

ఇక్కడ ఇంకో తిరకాసు. కోడ్ రాసేవాళ్ళకి చాలాచోట్ల ఇంగ్లీషు సరిపోతుంది. ప్రింటర్ పనిచెయ్యట్లేదని ఫోన్ చేసేవాళ్ళకి జవాబివ్వాలంటే జర్మన్ రావాలి. కంగారులో ఉన్న మనిషి సొంతభాషలోనే మాట్లాడతాడు మరి. నా బీ1 పాఠాల్లో ప్రింటర్ ఉంది, కంగారు లేదు.

ఈమధ్య ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర మళ్ళీ చదివాను. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మేలో బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. నాకంటే ఎక్కువే. కోర్టులో ఆయన తర్జుమా చేసిన మాటలు మనకెవరికీ తెలీవు. కోర్టుకి వెళ్ళని ఆ నెలల వల్లే ఆయన పేరు నిలిచింది. కాకపోతే ఆయన వెంట పల్లకీ, పరివారం ఉన్నాయి. నాకున్నది బ్లాక్డ్ అకౌంటు, అందులో ఇంకో 5 నెలల డబ్బు. కార్డూ అప్పటికే అయిపోతుంది. పోలిక అక్కడికి ఆపేస్తాను.

"ఫ్రీలాన్స్ కన్సల్టింగ్ అని పెట్టెయ్ బ్రో, ఎవడు చూస్తాడు?" అన్నాడు ఇక్కడి తెలుగు స్నేహితుడు. అమ్మ ఫోన్లో, "మళ్ళీ ఆ కంప్యూటర్లు బాగుచేసే పనేనా? దానికి అంత దూరం ఎందుకురా?" అంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

కానీ జార్జియాలో, కుతైసి వ్యాన్ల స్టాండులో, ఒక్క అక్షరం చదవలేక నిలబడ్డాను. ఒకావిడ తన కొట్టు వదిలేసి వచ్చి నా చెయ్యి పట్టుకుని సరైన వ్యాన్‌లో కూర్చోబెట్టింది. అన్నేళ్ళు టికెట్లు క్లోజ్ చేసినవాణ్ణి, టికెట్ పెట్టుకునేవాడి వైపు నిలబడటం అదే మొదలు. కన్సల్టింగ్ అని రాస్తే ఆవిడ కూడా అబద్ధమైపోతుంది.

తేదీలు వేసి, పక్కన "రైజెన్" అని రాశాను. ప్రయాణం అని. గురువారం ఇంటర్వ్యూ, జర్మన్‌లో. ఆ మాట గురించి అడిగితే చెప్పడానికి మూడు వాక్యాలు రాసుకున్నాను. వ్యాకరణం ఇంకా సరిచూసుకోవాలి.