ప్రతిపదార్థం తరవాత, పద్యం ముందు

నిన్న సాయంత్రం మా అరుగు మీద ఇంటర్ చదివే కుర్రాడొకడు గైడు ముందేసుకుని కూర్చున్నాడు. “తిక్కన మనకర్థం కాడండి, ఆన్సర్లు బట్టీ పడితే చాలు” అన్నాడు. ప్రాణం చివుక్కుమంది. అర్థం కాడని వాడికెవరు చెప్పారు?

మా రోజుల్లోనూ అంతే. తెలుగు మాస్టారొకరు పద్యం ఒక్కసారైనా పైకి చదివేవారు కారు. రాగానే బోర్డు మీద ప్రతిపదార్థం. తిక్కన విరాటపర్వంలో ద్రౌపది కీచకుడు చేసిన అవమానం దిగమింగుకుని, అర్ధరాత్రి వంటశాలకు వెళ్లి, వలలుడి పేరుతో దాగిన భీముణ్ణి నిద్రలేపుతుంది. ఆ చీకటి, ఆ ఏడుపు, కీచకుడికి మూడే ఘడియ! వింటే ఒళ్లు జలదరించాలి. మాకు మాత్రం అక్కడ సంధులే కనిపించాయి. ఒక సంధి తప్పు విడదీశానని పీరియడంతా నిలబెట్టారు. జుట్టు నెరిసినా నాకా కోపం తీరలేదు. నిలబెట్టినందుకు కాదు, ద్రౌపదిని నాకు కనబడనివ్వనందుకు.

ఆవిడ నాకు కనిపించింది పాలకొల్లులో, అమ్మమ్మ వంటింటి రేడియోలో. ఉషశ్రీ గారు, అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు, 1928లో గోదావరి గట్టున కాకరపర్రులో పుట్టిన మనాయన. విజయవాడ ఆకాశవాణి నుంచి ఆదివారం మధ్యాహ్నం ఆయన భారతం చెబుతుంటే క్షీరారామం గుడి వీధిలో ఏ గడప దాటినా అదే గొంతు. ‘ధర్మసందేహాలు’ కార్యక్రమంలో శ్రోతలు ఉత్తరాలు రాసి అడిగేవారు, ఆయన మొహమాటం లేకుండా జవాబిచ్చేవారు. భారతం మీద ప్రశ్న వేయడానికి పండితుడే కానక్కర్లేదని ఊరంతటికీ ధైర్యం వచ్చింది. కర్ణుడిది తప్పా ఒప్పా అని అమ్మమ్మకూ తాతయ్యకూ వారమంతా వాదనే. అమ్మమ్మ కర్ణుడి పక్షం. ఆ పట్టుదలలోనే పనసపొట్టు కొట్టేది, ఆవ నూరేది. ఆ ఆవపెట్టిన కూర ఘాటు, రేడియోలో ఆ గొంతు నాకు విడివిడిగా గుర్తురావు. అమ్మమ్మ చదువు మూడో తరగతి.

మూడో తరగతి చదివిన మనిషికి అందిన భారతం ఇంటర్ కుర్రాడికి అందదా? నిన్న వాడి చేతిలో గైడు మూసేసి ఆ వంటశాల ఘట్టం పైకి చదివాను. మాటలు సగం తెలియకపోయినా, “తరవాతేమైందండీ?” అన్నాడు.

మీ ఇంట్లో పిల్లలుంటే ఈ ఆదివారం ఒక్క ఘట్టం గొంతెత్తి చదివి వినిపించండి. ప్రతిపదార్థం సోమవారం చూసుకోవచ్చు.