సగం ఊపిరి

వరసగా నైట్ డ్యూటీలు చేసిన నర్సుకు ఆఫ్ దొరికిన రాత్రి నిద్ర పట్టదు. ఒళ్ళు అలిసిపోయి ఉంటుంది, చెవులు మాత్రం మానిటర్ మోత కోసం కాచుకుని ఉంటాయి. బతుకమ్మ పండుగ వారం ఉందనగా ఒకరోజు నేనట్లాగే నాలుగింటికి లేచి కూర్చున్నాను. టీ తాగి, కెమెరా సంచి భుజాన వేసుకుని, హనుమకొండ చౌరస్తాలో ఆటో ఎక్కి భద్రకాళి బండ్ దగ్గర దిగాను.

కాకతీయుల నాటి చెరువు. దాని కట్టే ఇప్పుడు పార్కు. నడకదారి, బెంచీలు, వరస పెట్టి నాటిన పూలమొక్కలు. ఆ వేళకు వచ్చేవాళ్ళు బీపీ, షుగరు తగ్గించుకోడానికి గబగబా నడిచేవాళ్ళు. నాది నడక అనలేం. పది అడుగులు వేసి పావుగంట నిలబడతాను.

2021 మే నెలలో నేను పనిచేసిన కొవిడ్ వార్డులో రాత్రంతా ఒకటే పని, ఊపిరి లెక్కపెట్టడం. నిమిషానికి ఎన్ని, ఆక్సిజన్ ఎంత, ఇంకా ఎంతసేపు. కొందరివి లెక్క మధ్యలోనే ఆగిపోయాయి. ఆ తర్వాత చాలా నెలలు పక్కన ఎవరు పడుకున్నా వాళ్ళ ఊపిరి లెక్కపెట్టేదాన్ని, మా బాబుదైనా సరే. అప్పుడు మా తమ్ముడు తన పాత కెనాన్ కెమెరా, 55-250 లెన్సు తెచ్చి చేతిలో పెట్టి, "అక్కా, పొద్దున్నే చెరువు దిక్కు పోయి రా" అన్నాడు. చేయి వణకకుండా తీయాలంటే మోచేతులు ఛాతీకి ఆనించి, సగం ఊపిరి వదిలి, అక్కడ ఆపి, మీట నొక్కాలని కూడా వాడే చెప్పాడు. నా ఊపిరి నేను పట్టించుకోవడం అదే మొదలు.

ఆరు కావస్తుండగా గుట్టల వెనక ఆకాశం ఎర్రబారింది. నీటి అంచున తుమ్మకొమ్మకు గిజిగాడి గూళ్ళు వేలాడుతున్నాయి. గూడు అల్లేది మగపిట్ట. సగం అల్లి ఆపి, ఆడపిట్టను పిలిచి చూపిస్తుంది. ఆమెకు నచ్చితేనే మిగతా సగం. నచ్చనివి అట్లాగే గాలికి ఊగుతుంటాయి. ఒక మగపిట్ట పచ్చి గడ్డిపోచ ముక్కున పట్టుకుని వచ్చి, రెండు కాళ్ళతో అంచు పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ అల్లడం మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలు చూశాను. తీసింది నాలుగు ఫోటోలే.

ఈ చెరువును నీళ్ళు లేకుండా కూడా చూశాను. 2024 నవంబరులో పూడిక తీయడానికి నీళ్ళన్నీ వదిలేశారు. తర్వాతి నెలల్లో ఇక్కడికి వస్తే నెర్రెలిచ్చిన నేల, మట్టి ఎత్తుకుపోయే లారీలు. మిగిలిన మడుగుల చుట్టూ తెల్లకొంగలు గుమిగూడి ఉండేవి. ఆ ఎండాకాలమంతా కెమెరా ముట్టలేదు. వానలు పడి నీళ్ళు చేరాక వచ్చి చూస్తే, ఒక రాయి మీద నీటికాకి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటోంది. కట్ట మీద నిలబడి ఏడ్చాను, సిగ్గేం లేదు.

కట్ట చివరికి వచ్చేసరికి తీగమీద పాలపిట్ట కనబడింది. కూర్చున్నప్పుడు అది గోధుమరంగు పిట్ట, చూపు నిలవదు. ఎగిరితే రెక్కలో లేతనీలం, ముదురునీలం ఒక్కసారి విచ్చుకుంటాయి. ఆ నీలం ఈకకు పూసిన రంగు కాదు. ఈకలోని సన్నటి అల్లిక వెలుతురును చెదరగొడితే మన కంటికి అట్లా కనబడుతుంది. ఆ ఈకను నూరి పొడి చేస్తే నీలం మిగలదు. ఎగిరే క్షణం కోసం షట్టర్ వేగం సెకనులో 1600వ వంతుకు పెంచి, సగం ఊపిరితో నిలబడ్డాను.

"ఏం తీస్తున్నవ్ బిడ్డా?"

వెనక చేతికర్రతో ఒక పెద్దాయన. వేలితో చూపించాను. కర్ర చంకన పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు. "దసరకు ఇంక పదిహేను రోజులున్నది గద, అప్పుడే దర్శనమిచ్చింది" అన్నాడు. వాళ్ళ ఊళ్ళో దసరానాడు జమ్మికి పోయేటప్పుడు పాలపిట్ట కనబడేదాకా చేలగట్ల మీద తిరిగేవాళ్ళట. అది మన రాష్ట్ర పక్షి. దసరా పూట దాన్ని పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో చూపించి డబ్బులడిగేవాళ్ళున్నారు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఎగరలేని పాలపిట్టను చూస్తే పుణ్యం ఎక్కడిది? దాని నీలమంతా రెక్క విప్పితేనే కదా.

మేం మాట్లాడుతుండగానే అది ఎగిరిపోయింది. మీట నొక్కలేదు. ఇద్దరం చూశాం.

1984లో రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అమెరికాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మందిని జతలుగా పోల్చి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనబడినవాళ్ళు, ఇటుకగోడ కనబడినవాళ్ళకంటే త్వరగా ఇంటికి వెళ్ళారు, నొప్పి మందులూ తక్కువే పట్టాయి. అది చదివిన దగ్గర్నుంచి, నా వార్డులో మంచం పట్టిన వాళ్ళకు ఫోన్లో పిట్టల ఫోటోలు చూపిస్తున్నాను. కిటికీకి సాటి రావని తెలుసు. కానీ నేను పికిలిపిట్ట ఫోటో చూపించిన ఒక అవ్వ, ఆక్సిజన్ గొట్టం ముక్కున ఉండగానే, తన పెరట్లో దాని గూడు ఏ చెట్టు మీద ఉండేదో చెప్పింది.

ఎనిమిదయ్యేసరికి ఎండ తెల్లబడింది. ఆ వెలుతురులో ఈకలు పాలిపోయి కనిపిస్తాయి, తీయడం దండగ. పెద్దాయన బెంచీ మీద కూర్చుని ఇంకా తీగల వైపే చూస్తున్నాడు. పోయొస్తానని చెప్పి ఆటో ఎక్కాను. ఇంటికొచ్చి కిటికీ తెర వేసి పడుకున్నాను. లేచేసరికి సాయంత్రం నాలుగు.